ఒరెగాన్ సిటీలో మెక్‌లాఫ్లిన్ ఇల్లు: కట్టడం కథ, నేల కథ

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. అమెరికా చూడటానికి వచ్చిన మీ నాన్నగారిని ఒరెగాన్ రాష్ట్రంలోని పోర్ట్‌లాండ్ నుంచి ఒరెగాన్ సిటీ తీసుకెళ్లి, కొండ అంచున ఉన్న మెక్‌లాఫ్లిన్ ఇల్లు, అంటే ఆ ఊరికి లేఅవుటు వేసిన డాక్టరు ఇల్లు, చూపించారు. అది 1846 నాటి ఇల్లని ఒకరన్నారు, 1909లో ఇక్కడికి వచ్చిందని ఇంకొకరన్నారు. అసలు ఇల్లేనా, తర్వాత కట్టిన నమూనానా అన్నది మీ సందేహం. "ఇంటిని ఎత్తుకొచ్చారు సరే, కింద ఖాళీ అయిన స్థలం ఏమైంది, ఇప్పుడు ఎవరి పేరున ఉంది?" అన్నది నాన్నగారి సందేహం.

ఈ చుట్టుపక్కల పాత చెక్క ఇళ్ల మరమ్మతుల్లో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఈ ఇంటి గురించి దొరికిన కాగితమల్లా చదివాను. మీ సందేహానికి జవాబు ఒక్క మాటలో చెప్పేయొచ్చు: అసలు ఇల్లే. 1845లో మొదలుపెట్టి కట్టిన ఇంటినే 1909లో కింది నుంచి పైకి జరిపారు. నాన్నగారి ప్రశ్నకు మాత్రం అంత తేలిగ్గా జవాబు చెప్పలేం. నా ఉద్దేశంలో సరైన ప్రశ్న ఆయనే అడిగారు. ఎందుకంటే ఈ ఇంటి చరిత్ర అంతా నిజానికి స్థలం తగాదా. పొలం గట్టు దగ్గర సర్వే రాళ్ల గొడవలు చూసిన మనవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది.

ముందు ఊరి నైసర్గికం చెప్పాలి. పోర్ట్‌లాండ్‌కు దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల దూరంలో విల్లామెట్ నది ఒక నల్లరాతి గట్టు మీదినుంచి దూకుతుంది. ఎత్తు నలభై అడుగులే, వెడల్పు మాత్రం సుమారు 1,500 అడుగులు. అక్కడ నీళ్లకు లోటుండదు. జలపాతం పక్కన నదికీ కొండకూ మధ్య సన్నని పట్టీ లాంటి చదును నేల ఉంది. దాని వెనకే నిట్టనిలువు రాతి గోడ, గోడ పైన మళ్లీ చదును. పాత ఊరు కింద, కొత్త ఊరు పైన పెరిగాయి. కింది నుంచి పైకి పోవడానికి ఇప్పటికీ ఊరి లిఫ్టు ఉంది, అది 130 అడుగులు ఎక్కుతుంది. 1915లో పెట్టిన మొదటిది నీటి బలంతో నడిచేది, ఇప్పుడున్నది 1955 నాటిది. మెక్‌లాఫ్లిన్ ఇల్లు కింది పట్టీలో పుట్టింది, పైకెక్కింది.

తెల్లవాళ్లు రాకముందు ఆ జలపాతం క్లోవెవాలా, క్లాకమస్ అనే ఆదివాసీ జనాలది. సాల్మన్ చేపలు, పాములా పొడుగ్గా ఉండే లాంప్రీలు అక్కడ రాళ్లకెక్కేవి. చేపల కాలంలో చుట్టుపక్కల తెగలన్నీ వ్యాపారానికి అక్కడికి చేరేవి. అంటే నాన్నగారు అడిగిన స్థలానికి మొదటి హక్కుదారులు వీళ్లు. తర్వాతి కాగితాలు వేటిలోనూ ఆ మాట కనిపించదు.

ఇక ఇంటాయన సంగతి. జాన్ మెక్‌లాఫ్లిన్ 1784లో కెనడాలోని క్విబెక్ ప్రాంతంలో రివియేర్ దు లూ అనే ఊళ్లో పుట్టాడు. పద్దెనిమిదేళ్లకే వైద్యం చేయడానికి అనుమతి పత్రం సంపాదించి, బొచ్చు తోళ్ల వ్యాపారం చేసే నార్త్ వెస్ట్ కంపెనీలో చేరాడు. 1821లో ఆ కంపెనీని హడ్సన్స్ బే కంపెనీ కలిపేసుకుంది. మన చరిత్రలో ఈస్టిండియా కంపెనీ ఎలాగో ఉత్తర అమెరికా అడవుల్లో ఇది అలాగ: లండన్‌లో వాటాదార్లు, ఇక్కడ కోటలు, మధ్యలో గవర్నరు. 1824లో మెక్‌లాఫ్లిన్‌ను కొలంబియా నది ప్రాంతమంతటికీ పెద్దగా పంపారు. మరుసటి ఏడు నదికి ఉత్తరపు ఒడ్డున ఫోర్ట్ వాంకూవర్ వెలిసింది. ఇరవై ఏళ్లు ఆయన మాటే అక్కడ చట్టం. ఆరడుగుల నాలుగంగుళాల మనిషి, భుజాల దాకా తెల్ల జుట్టు. తెల్లతల గద్ద అని ఆదివాసీలు పిలిచేవాళ్లని చెబుతారు.

జలపాతం మీద ఆయన కన్ను 1829లోనే పడింది. మనుషుల్ని పంపి రంపపు మిల్లుకు దుంగలు కొట్టించి, మూడు దుంగల ఇళ్లు లేపించాడు. ఆ కాలంలో ఒరెగాన్ బ్రిటన్, అమెరికా రెండూ ఉమ్మడిగా అనుభవించే ప్రాంతం. రేపు హద్దు గీస్తే కొలంబియా నదే హద్దవుతుందని, దక్షిణం అమెరికాకు పోతుందని కంపెనీ లెక్క. అయినా దక్షిణాన ఉన్న జలపాతం మీద పట్టు వదులుకోలేదు. ఆ పట్టు కంపెనీదా, మెక్‌లాఫ్లిన్ సొంతమా అన్నది మొదటినుంచీ గజిబిజిగానే ఉండిపోయింది. తర్వాత జరిగిన అనర్థానికి సగం కారణం ఈ గజిబిజే. సొంతానికి కొన్నానంటే బ్రిటిష్ కంపెనీ బినామీ అన్నారు అమెరికన్లు, కంపెనీ కోసం పట్టుకున్నానంటే పరాయి దేశపు కంపెనీకి ఇక్కడేం పని అన్నారు.

1834 తర్వాత మెథడిస్టు అనే ప్రొటెస్టెంటు శాఖ మిషనరీలు వచ్చారు. జలపాతం దగ్గర గోదాముకు, చర్చికి మెక్‌లాఫ్లినే చోటిచ్చాడు. కొన్నేళ్లకు మిషనులోని ఒక పెద్దమనిషి ఆ చోటు తనదేనని దావాకు దిగాడు. జలపాతంలోని చిన్న లంక మీద మిషను మనుషులే కొందరు ఒక మిల్లింగ్ కంపెనీ పెట్టి కూర్చున్నారు. 1842లో మెక్‌లాఫ్లిన్ సర్వే చేయించి, వీధులు గీయించి, ఊరికి ఒరెగాన్ సిటీ అని పేరు పెట్టి, ప్లాట్లు అమ్మడం మొదలుపెట్టాడు. మన మాటల్లో లేఅవుటు వేశాడు. తర్వాతి పటంలో కొండ మీద కొంత స్థలాన్ని పార్కు కింద ఊరికే వదిలేశాడు. ఆ పార్కు గుర్తుంచుకోండి.

1843లో తూర్పు నుంచి ఒరెగాన్ దారిన వలసవాళ్ల పెద్ద బళ్ల వరసలు మొదలయ్యాయి, ఆ ఏడు సుమారు తొమ్మిది వందల మంది దిగారు. చలికాలం ముంగిట తిండిలేక, బట్టలేక వచ్చినవాళ్లకు మెక్‌లాఫ్లిన్ పడవలు పంపాడు, కంపెనీ కొట్టునుంచి అప్పు మీద గోధుమ విత్తనాలు, పనిముట్లు ఇచ్చాడు. చాలామంది తీర్చారు, చాలామంది ఎగ్గొట్టారు. ఈ సాయం వెనక దయ ఉంది, దూరాలోచన కూడా ఉంది. ఆకలితో ఉన్న వందలమంది కోట మీద పడితే ఆపేంత బలం కంపెనీకి లేదు. నాకు తెలిసినంతలో ఈ రెండిట్లో ఏ ఒక్కటి తీసేసినా ఆయన మనకు సరిగ్గా అర్థం కాడు.

అదే 1843లో వలస వచ్చినవాళ్లు షాంపూయిగ్ అనే చోట కూడి తాత్కాలిక ప్రభుత్వం పెట్టుకున్నారు. మనిషికి 640 ఎకరాల దాకా పట్టా అన్నారు. కానీ ఊరి స్థలాలు, నీటి బలం ఎక్కువగా ఉన్న చోట్లు ప్రజలకు నష్టం కలిగేలా ఎవరూ పట్టుకోకూడదని మెలిక పెట్టారు. పేరు రాయలేదు గాని, ఒరెగాన్‌లో అలాంటి చోటు పట్టుకున్నది ఎవరో అందరికీ తెలుసు. ఆ మెలిక తర్వాతి సవరణలో పోయింది. అది పుట్టించిన ఆలోచన మాత్రం పోలేదు.

ఇంటి లోపల కూడా అప్పుడు కష్టకాలం. 1842 ఏప్రిల్‌లో ఇప్పటి అలాస్కాలో ఉన్న ఫోర్ట్ స్టికీన్‌లో ఆయన కొడుకు జాన్‌ను సొంత మనుషులే కాల్చి చంపారు. గవర్నరు జార్జ్ సింప్సన్ పైపైన విచారించి, కుర్రవాడి తాగుడూ కోపమూ కారణమని తేల్చేశాడు. తండ్రి సాక్ష్యాలు పోగుచేసి ఏళ్ల తరబడి లండన్‌కు ఉత్తరాలు రాశాడు. ఆ తగువుతో కంపెనీకీ ఆయనకూ మధ్య బంధం తెగిపోయింది. ఒరెగాన్ సిటీలో కంపెనీకి ఉన్నదంతా తన సొంత డబ్బుకు కొనేసుకుని, ఉద్యోగం వదిలి, 1846 జనవరిలో భార్యతో, విధవరాలైన కూతురు ఎలోయిసాతో, ఆమె పిల్లలతో కొత్త ఇంట్లో కాపురం పెట్టాడు. అప్పటికి ఆయనకు అరవై ఒకటి.

ఇల్లు మెయిన్ స్ట్రీట్ మీద, నదికి దగ్గరగా ఉండేది. దుంగల గుడిసెల ఊళ్లో రంపపు మిల్లులో కోసిన పలకలతో లేచిన రెండంతస్తుల భవనం. మధ్యలో తలుపు, రెండు వైపులా లెక్క తప్పని కిటికీలు, నాలుగు వైపులా వాలిన కప్పు, లోపల నడవా, మెట్లు, అటూ ఇటూ గదులు. తూర్పు తీరంలోనైతే మామూలు కలిగినవాళ్ల ఇల్లు. ఇక్కడ మాత్రం చూసినవాళ్లు ఆగిపోయేవాళ్లు. వలస వచ్చినవాళ్లు, పాదిరీలు, పాత కంపెనీ ఉద్యోగులు అందరికీ ఆ ఇంట్లో భోజనం, పడక దొరికేవి.

ఇంటి ఇల్లాలి గురించి చాలామంది రెండు ముక్కల్లో తేల్చేస్తారు. అది అన్యాయం. మార్గరీట్ తండ్రి స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన బొచ్చు వ్యాపారి, తల్లి ఆదివాసీ స్త్రీ. మొదటి భర్త అలెగ్జాండర్ మెకే 1811లో టాంక్విన్ అనే ఓడ మీద జరిగిన పోరులో చనిపోయాడు. మెక్‌లాఫ్లిన్‌తో ఆమె కాపురం బొచ్చు వ్యాపారపు ఆచారం ప్రకారం మొదలైంది. చర్చి పద్ధతిలో పెళ్లి 1842లో, ఆయన కేథలిక్ మతంలోకి తిరిగి వచ్చినప్పుడు జరిగింది. ఆమె ఆయనకంటే చాలా ఏళ్లు పెద్ద. చుట్టూ ఉన్న మెథడిస్టు ఊళ్లో కేథలిక్ కావడం ఒక లోటు, బ్రిటిష్ కంపెనీ మనిషి కావడం రెండోది, ఆదివాసీ రక్తమున్న భార్య మూడోది. ఆ భార్యను గౌరవించనివాళ్లను ఆయన తన బల్ల దగ్గర సహించేవాడు కాదు. ఆ ఇంటి భోజనాల గదిలో నిలబడ్డప్పుడు ఈ సంగతి తలుచుకోండి.

ఇల్లు చేరిన ఆరు నెలలకే, 1846 జూన్ 15న, బ్రిటన్, అమెరికా ఒప్పందం చేసుకుని 49వ అక్షాంశం దగ్గర హద్దు గీసేశాయి. అంటే ఒరెగాన్ సిటీ, ఫోర్ట్ వాంకూవర్ రెండూ అమెరికాలోకి వచ్చాయి. మెక్‌లాఫ్లిన్ 1849లో అమెరికా పౌరసత్వం కోరుతూ ప్రకటన ఇచ్చాడు. కథ ఇక్కడ సుఖంగా ముగియాల్సింది.

ముగియలేదు. 1850 సెప్టెంబరు 27న అమెరికా కాంగ్రెసు డొనేషన్ లాండ్ చట్టం చేసింది. అప్పటికే స్థిరపడిన ఒంటరి మగవాడికి 320 ఎకరాలు, భార్యాభర్తలకు 640. అందులో సగం భార్య పేరునే. ఆ రోజుల్లో ఆడవాళ్ల పేరున నేల రాయడం గొప్ప విషయమే. కానీ అదే చట్టంలో 11వ సెక్షన్ అని ఒకటుంది. దాని ప్రకారం ఒరెగాన్ సిటీ క్లెయిమును, అంటే మెక్‌లాఫ్లిన్ తనదని పట్టుకున్న నేలను, ఒరెగాన్ శాసనసభ చేతికి, విశ్వవిద్యాలయం పెట్టడానికి అప్పజెప్పాలి. లంకను మిల్లు కంపెనీకి ఖాయం చేయాలి. 1849 మార్చి 4కు ముందు మెక్‌లాఫ్లిన్ దగ్గర ప్లాట్లు కొన్నవాళ్ల హక్కులు మాత్రం చెల్లుతాయి. ఒక్క మనిషి ఆస్తి మీద గురిపెట్టి రాసిన సెక్షన్ అది. రాయించింది శామ్యూల్ థర్స్టన్, ఒరెగాన్ ప్రాంతం కాంగ్రెసుకు పంపిన మొట్టమొదటి ప్రతినిధి. ఈ డాక్టరు అమెరికా పౌరుడు కావడానికి ఒప్పుకోడని, బ్రిటిష్ కంపెనీ తరఫున జనాన్ని అడ్డుకుంటున్నాడని వాషింగ్టన్‌లో చెప్పుకొచ్చాడు. మెక్‌లాఫ్లిన్ అప్పటికే పౌరసత్వానికి ప్రకటన ఇచ్చి ఉన్నాడు. ఈ ముసలాయన తన జవాబును ఒరెగాన్ స్పెక్టేటర్ పత్రికలో అచ్చు వేయించాడు, ఊళ్లో చాలామంది ఆయన తరఫున సంతకాలు చేశారు. చట్టం మాత్రం చట్టమై కూర్చుంది. మరుసటి ఏడు ఏప్రిల్‌లో థర్స్టన్ ఇంటికి తిరిగొస్తూ అకపుల్కో దగ్గర సముద్రంలో ఓడ మీదే చనిపోయాడు. అప్పటికి ముప్పై నాలుగేళ్లు. ఆయన పోయాడు, సెక్షన్ మిగిలింది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మెక్‌లాఫ్లిన్‌ను ఇంట్లోంచి వెళ్లగొట్టారని కొన్ని చోట్ల రాస్తారు. వెళ్లగొట్టలేదు. శాసనసభ ఆ స్థలంలో విశ్వవిద్యాలయం కట్టలేదు, ఇల్లు ఖాళీ చేయమని ఎవరూ రాలేదు. 1851లో ఆయన పూర్తి పౌరుడయ్యాడు, అదే ఏడు ఊరు ఆయనను మేయరుగా ఎన్నుకుంది కూడా. జరిగిందేమిటంటే టైటిల్ పోయింది. తను గీసిన ఊళ్లో తన ప్లాటు తను అమ్ముకోలేడు, తెచ్చిన అప్పులకు జామీను చూపలేడు, పిల్లలకు రాయలేడు. ఇల్లు తనది, కింద నేల ప్రభుత్వానిది. మన దగ్గర ప్రభుత్వ భూమి జాబితాలో పొరపాటునో, కావాలనో పడిపోయిన పొలం మీద బతికేవాళ్లకు ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు. అలా 1857 సెప్టెంబరు 3న ఆ ఇంట్లోనే కన్నుమూశాడు. మార్గరీట్ 1860లో పోయింది. 1862లో ఒరెగాన్ శాసనసభ, వెయ్యి డాలర్లు విశ్వవిద్యాలయం నిధికి కట్టించుకుని, నేలను వారసులకు తిరిగి ఇచ్చింది. ఆయన పోయిన ఐదేళ్లకు.

వారసులు 1867లో ఇల్లు అమ్మేశారు. అక్కడినుంచి నలభై ఏళ్ల కథ త్వరగా చెప్పేయొచ్చు. ఫీనిక్స్ హోటల్ అయింది, మిల్లు కూలీల అద్దె గదులైంది, పేరు చెడ్డ ఇల్లు కూడా అయిందంటారు. ఇల్లు దిగజారడానికి కారణం యజమానులు కాదు, చుట్టూ మారిన నేల విలువ. 1860లలో ఉన్ని మిల్లు, 1873లో ఓడలు దాటడానికి నీటి తలుపుల కాలువ, తర్వాత కాగితం మిల్లులు వచ్చాయి. 1889 జూన్‌లో ఈ జలపాతం దగ్గర తీసిన కరెంటును 14 మైళ్ల దూరంలోని పోర్ట్‌లాండ్ వీధి దీపాలకు పంపారు. అంత దూరం కరెంటు పంపడం అమెరికాలో అదే మొదలు. అలాంటి చోట నివాసం ఇల్లు ఉండటమే వింతగా కనిపించే రోజులొచ్చాయి. 1909 నాటికి స్థలం హాలీ పల్ప్ అండ్ పేపర్ కంపెనీకి కావలసి వచ్చింది. ఇల్లు కావాలంటే తీసుకుపొండి, లేదంటే పడగొడతాం అన్నారు.

ఊళ్లో కొందరు మెక్‌లాఫ్లిన్ స్మారక సంఘం పెట్టుకున్నారు. పాత హోటలుకు, పాడుబడ్డ అద్దెకొంపకు ఊరి పార్కులో చోటివ్వడమేమిటని వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు. చివరికి సంఘం నెగ్గింది. ఇంటిని పునాది నుంచి వేరు చేసి, దుంగల మీదికెక్కించి, సింగర్ హిల్ అనే ఏటవాలు దారిన, గుర్రంతో తిప్పే మోకు యంత్రంతో గజం గజం లాగుతూ రాతి గోడ పైకి చేర్చారు. దారి మధ్యలో నిలిచిపోయిన ఇంటి ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. కప్పుతో సహా నిండు ఇల్లు కొండ దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. చేర్చింది ఎక్కడికంటే, మెక్‌లాఫ్లిన్ స్వయంగా ఊరికి వదిలేసిన పార్కు స్థలానికే. ఆయన పట్టుకున్న నేలనంతా లాక్కున్నారు, ఆయన ఇచ్చేసిన నేల ఒక్కటే చివరికి ఆయన ఇంటికి నీడనిచ్చింది. ఇది ఎవరో కల్పించిన ముగింపు కాదు, పాత లేఅవుటు పటంలో ఉంది, చూసుకోవచ్చు.

జరిపితే ఇల్లు పాడవదా అని అడుగుతారని చెబుతున్నాను. ఈ చుట్టుపక్కల ఆనాటి ఇళ్లు దాదాపు అన్నీ చెక్కే. బరువు మోసేది మందపాటి కొయ్య చట్రం. చట్రం గట్టిగా ఉంటే పునాది మారినా ఇల్లు ఇల్లే. మన మండువా లోగిళ్లలా మట్టిగోడలైతే ఆ పని కుదరదు. మన ఊళ్లలో ఇప్పుడు రోడ్డు ఎత్తు పెరిగిందని జాకీలు పెట్టి ఇల్లు లేపుతున్నారు చూడండి, పద్ధతి దాదాపు అదే, పక్కకు లాగడం ఒక్కటే అదనం. పోయేది వేరే ఉంది. ఇల్లు ఏ దిక్కు చూసేది, గుమ్మంలోంచి ఏం కనిపించేది, నది చప్పుడు ఎంత దగ్గర, పెరట్లో ఏముండేది, అవన్నీ పోయాయి. అందుకే జరిపిన కట్టడాలను అమెరికా జాతీయ చారిత్రక జాబితాలో మామూలుగా చేర్చుకోరు, ప్రత్యేక కారణం చూపాలి. ఈ ఇంటికి కారణం బలంగానే దొరికింది: 1941 జూన్‌లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించారు, 2003లో ఫోర్ట్ వాంకూవర్ జాతీయ స్థలంలో భాగం చేశారు. నా లెక్కలో జరపడం తప్పు కాదు. పడగొట్టడం, జరపడం రెండే దారులున్నప్పుడు వాళ్లు సరైన పనే చేశారు. పశ్చిమ తీరంలో పాత ఇళ్లను కాపాడాలన్న పట్టుదలకు దారిచూపిన మొదటి పనుల్లో ఇదొకటి.

పక్కనే ఉన్న చిన్న ఇల్లు కూడా వలస వచ్చిందే. అది కంపెనీ డాక్టరు ఫోర్బ్స్ బార్క్లే ఇల్లు. 1849లో కట్టింది, 1930లో పైకి చేరింది. రెండిళ్ల మధ్య సమాధులు కూడా మొదట అక్కడివి కావు. మెక్‌లాఫ్లిన్ దంపతుల్ని కింద కేథలిక్ చర్చి ఆవరణలో పూడ్చారు. చర్చి మారినప్పుడు 1948లో సమాధులూ మారాయి, 1970లో ఇంటి పక్కకు వచ్చాయి.

ఇక నాన్నగారి ప్రశ్న. కింది స్థలం కాగితం మిల్లులో కలిసిపోయింది. మిల్లు చేతులు మారుతూ వచ్చి చివరికి బ్లూ హెరాన్ పేరుతో నడిచి 2011లో మూతపడింది. 2019లో ఆ మిల్లు ఆవరణను కొన్నది గ్రాండ్ రోండ్ ఆదివాసీ సమాఖ్య. ఈ సమాఖ్యలో క్లాకమస్, క్లోవెవాలా వారసులున్నారు. 1855లో వాళ్ల పెద్దల చేత ఒప్పందం రాయించుకుని విల్లామెట్ లోయ అంతా తీసుకుని, మరుసటి ఏడు కొండల అవతల గ్రాండ్ రోండ్‌కు నడిపించారు. 1954లో అమెరికా ప్రభుత్వం అసలు వాళ్లను తెగగా గుర్తించడమే మానేసింది. 1983లో తిరిగి గుర్తించింది. వాళ్లే ఇప్పుడు డబ్బు పెట్టి జలపాతం పక్కన నేల కొనుక్కున్నారు, 2021లో పాత మిల్లు షెడ్లు కూల్చడం మొదలుపెట్టారు. అంటే నాన్నగారు అడిగినదానికి జవాబు: ఆదివాసీలు, మెక్‌లాఫ్లిన్, చట్టం ప్రకారం ప్రభుత్వం, మళ్లీ వారసులు, కొన్నవాళ్లు, కాగితం మిల్లులు, ఇప్పుడు మళ్లీ ఆదివాసీలు. లింకు డాక్యుమెంట్లన్నీ వరసగా పెడితే ఇంతే.

ఈ సందర్భంలో ఇంకో మాట చెప్పకపోతే నా జవాబు సగమే అవుతుంది. 1957లో ఒరెగాన్ శాసనసభ మెక్‌లాఫ్లిన్‌కు 'ఒరెగాన్ పిత' అని బిరుదిచ్చింది. ఇంటిని చూపించేటప్పుడు కూడా దయగల డాక్టరు కథే ముందు చెబుతారు. ఆ దయ నిజం. కానీ 1828లో క్లాలమ్ తెగవాళ్లు కంపెనీ మనుషుల్ని చంపారని ప్రతీకారానికి బలగాన్ని పంపించిందీ ఆయనే. ఆ బలగం ఓడ ఫిరంగులతో ఒక పల్లెను పేల్చి తగలబెట్టింది. 1830 తర్వాత నాలుగేళ్లలో చలిజ్వరం, అంటే మలేరియా, కింది కొలంబియా, విల్లామెట్ లోయల్లోని ఆదివాసీల్లో పదిమందికి తొమ్మిది మందిని పొట్టన పెట్టుకుందని చరిత్రకారుల అంచనా. ఆ జ్వరం ఓడల వెంట, వ్యాపారం వెంట వచ్చింది. 1842లో ఖాళీ నేలలా కనిపించిన చోట లేఅవుటు వేయగలిగారంటే కారణం అది. ఇదే ఊళ్లో 1844లో కూర్చున్న తాత్కాలిక ప్రభుత్వం నల్లజాతివాళ్లు ఒరెగాన్‌లో స్థిరపడకూడదని చట్టం చేసింది. మెక్‌లాఫ్లిన్‌కు జరిగిన అన్యాయం మీద నాకు జాలి ఉంది. అది ఆ నేల మీద జరిగిన మొదటి అన్యాయం కాదు, పెద్దదీ కాదు.

మళ్లీ వెళితే ఈ వరసలో చూడండి. ముందు 99ఈ రోడ్డు మీద జలపాతం కనిపించే మలుపు దగ్గర బండి ఆపండి. మీలో చాలామంది ఆఫీసులకు రోజూ నడిపే ఆ రోడ్డు పేరే మెక్‌లాఫ్లిన్ బుల్‌వార్డ్. అక్కడినుంచి జలపాతం, మిల్లు ఆవరణ, అవతలి ఒడ్డు అన్నీ ఒకేసారి కళ్లకు కడతాయి. తర్వాత మెయిన్ స్ట్రీట్‌లోకి వచ్చి ఊరి లిఫ్టు ఎక్కండి, టికెట్ లేదు. పైన రాతి గోడ అంచున నడకదారి ఉంది. ఇల్లు సెంటర్ స్ట్రీట్ మీద, 7వ వీధి దగ్గర. నాన్నగారికి మోకాళ్ల ఇబ్బంది ఉంటే కారు నేరుగా ఇంటి దగ్గరికే పోతుంది. సింగర్ హిల్ దారినే ఎక్కండి, ఆ వాలు చూస్తే 1909లో ఏం చేశారో తెలుస్తుంది. ఇల్లు అన్ని రోజులూ తెరవరు, చలికాలంలో మూసే రోజులూ ఉంటాయి, కాబట్టి పార్కు సర్వీసు వెబ్‌సైటులో వేళలు చూసుకుని బయల్దేరండి. లోపల సామాన్లలో కొన్ని ఆ కుటుంబం వాడినవి, మిగతావి ఆ కాలపువి తెచ్చి పెట్టినవి. ఏది ఏదో అడిగితే అక్కడివాళ్లు విడమరిచి చెబుతారు.

నాన్నగారికి కాగితాలంటే ఇష్టమైతే, 1850లలో ప్రభుత్వం చేయించిన సర్వే పటాలు అమెరికా భూ నిర్వహణ శాఖ వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. రాష్ట్రం ఒరెగాన్, కౌంటీ క్లాకమస్ అని పెట్టి వెతకండి. నది వంపు, ఊరి స్థలం, చుట్టూ ఎవరెవరి క్లెయిములు ఎక్కడెక్కడో గీసి ఉంటాయి. ఇంట్లో కూర్చుని సావకాశంగా చూసుకోవచ్చు. ఏదైనా పటం చదవడంలో తికమక పడితే దాని నంబరు ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.